యంత్రాన్ని కారణమడిగే చదువు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, జిల్లా చరిత్రో, దేవాలయ చరిత్రో, డి.ఏ. బకాయిల కోసం మనం చేసిన ధర్నాల చరిత్రో ఆయన మనసులో ఉండి ఉంటుంది. అవి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఎన్నుకున్న విషయం పైకి కొత్తదిగా కనిపిస్తుంది గాని దానికీ సుమారు అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. కృత్రిమ మేధ అని ఇప్పుడు పత్రికలన్నీ వ్రాస్తున్న కంప్యూటరు విద్యను నలుగురూ నమ్మదగినదిగా తయారు చేయటానికి విద్యార్థులకు, పరిశోధకులకు ఏ విధమైన శిక్షణ ఇస్తూ వచ్చారు అన్నదే ఆ విషయం.

పింఛనుదారులకు ఇది ఎందుకయ్యా అని అడిగేవారు ఉంటారు. కారణం ఉంది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటి నుండి మనం బ్రతికే ఉన్నామని ధ్రువీకరించే పని కొంతవరకు యంత్రం చేతికి వెళ్ళింది. సుద్దముక్కలతోనో, కార్బను కాగితాలతోనో అరిగిపోయిన వేళ్ళు యంత్రానికి ఆనవు. నా మిత్రుడొకరు ఒకచోట మూడుసార్లు వేలు పెట్టి, మూడుసార్లూ "సరిపోలలేదు" అనిపించుకుని, "ఎందుకు సరిపోలలేదమ్మా?" అని కౌంటరులోని అమ్మాయిని అడిగితే, "సిస్టం చెప్పదండీ" అన్నదట. ఆ "సిస్టం చెప్పదు" అన్న మాట వెనుక ఉన్న చరిత్రే ఈ వ్యాసం.

ఇంకొక కారణం ఇంటిది. మా మనవరాలు ఇంజనీరింగు పూర్తి చేసి, మంచి జీతం వచ్చే ఉద్యోగం చేతిలో ఉండగా దాన్ని కాదని, ఈ నమ్మదగిన కృత్రిమ మేధలోనే డాక్టరేటుకు చేరింది. మా వియ్యంకుడుగారు నొచ్చుకున్నారు. "బావగారూ, యంత్రం తయారు చేసేవాడికి జీతం ఇస్తారు గాని యంత్రాన్ని తప్పు పట్టేవాడికి ఎవరిస్తారండీ?" అన్నారు. ముప్పయ్యేళ్ళకు పైగా ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు వ్రాసిన నాకు ఆ ప్రశ్న విని నవ్వు వచ్చింది. తప్పు పట్టేవాడికి జీతం ఇవ్వటానికి మన దేశ రాజ్యాంగంలోనే ఒక పదవి ఉన్నది కదా! కాని ఆయన బాధలోనూ న్యాయం ఉంది. అందుకని ఆ పిల్ల తెచ్చిచ్చిన పుస్తకాలు, కాగితాలు కొన్ని ఓపికగా చదివాను.

మనం ఉద్యోగంలో చేరిన రోజుల్లో మొదట నేర్పిన పని నోట్ ఫైలు వ్రాయటం. కేసు ఏమిటి, నిబంధన ఏమిటి, పూర్వం ఏం చేశాము, ఇప్పుడు ఏం చేయవచ్చు, ఎందుకు చేయవచ్చు. ఆఖరి ముక్క లేకపోతే సూపరింటెండెంటుగారు ఎర్రసిరాతో "ఎందుకు?" అని ఒక్క మాట వ్రాసి ఫైలు తిప్పి పంపేవారు. అధికారి ఒక పౌరుడి హక్కును తేల్చేటప్పుడు కారణాలు వ్రాసి తీరవలసిందేనని సుప్రీంకోర్టు 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ కేసులో స్పష్టంగా చెప్పింది. "స్పీకింగ్ ఆర్డరు" అని మనం అనేది దాన్నే, అంటే మాట్లాడే ఉత్తర్వు. యంత్రం చేత కూడా ఇట్లా మాట్లాడించాలనే ప్రయత్నం మొదట వైద్యరంగంలో గట్టిగా జరిగింది.

దానికి ముందు ఒక ముచ్చట చెప్పాలి. అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు 1966లో "ఎలైజా" అనే ప్రోగ్రామును ప్రకటించాడు. అది మనం టైపు చేసిన మాటలనే కొంచెం అటూ ఇటూ త్రిప్పి ప్రశ్నగా మనకే అప్పగించేది. "నాకు దిగులుగా ఉంది" అంటే "మీకు దిగులుగా ఎందుకు ఉంది?" అన్న బాపతు. లోపల జ్ఞానమేమీ లేదు. అయినా మనుషులు దానితో గుండె విప్పి మాట్లాడసాగారు. ఆయన దాన్ని తయారు చేయటం దగ్గరుండి చూసిన సొంత కార్యదర్శిని కూడా, తాను దానితో మాట్లాడేటప్పుడు ఆయనను గదిలోంచి బయటకు వెళ్ళమన్నదట. బెర్లిన్‌లో పుట్టి, హిట్లరు రోజుల్లో 1936లో కుటుంబంతో దేశం వదిలి వచ్చిన మనిషి ఆయన. మనుషులు ఇంత తేలికగా నమ్మేస్తారా అని కలతపడి, కంప్యూటరుకు చేతనైనా అప్పగించకూడని పనులు కొన్ని ఉంటాయని 1976లో ఒక పుస్తకమే వ్రాశాడు. తోటి శాస్త్రవేత్తలలో కొందరికి అది రుచించలేదు.

ఇక వైద్యం సంగతి. 1970 దశకం మొదట్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ అనే యువకుడు వైద్యమూ, కంప్యూటరు శాస్త్రమూ రెండూ చదువుతుండేవాడు. బ్రూస్ బుకానన్ అనే కంప్యూటరు శాస్త్రవేత్త, స్టాన్లీ కోహెన్ అనే వైద్య ఆచార్యుడు తోడ్పడగా అతడు "మైసిన్" అనే ప్రోగ్రామును తయారు చేశాడు. రక్తంలో సూక్ష్మజీవులు చేరిన రోగులకు ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో సలహా చెప్పటం దాని పని. మెదడు పొరల వాపు జబ్బును తరువాత చేర్చారు. స్ట్రెప్టోమైసిన్, ఎరిత్రోమైసిన్ అని మందుల పేర్ల చివర వచ్చే మైసినే దాని పేరయింది. "ఇది ఇట్లా ఉండి, అది అట్లా ఉంటే, ఫలానా సూక్ష్మజీవి కావచ్చు" అనే పద్ధతిలో వైద్యులను అడిగి వ్రాసుకున్న సుమారు 500 సూత్రాలు అందులో ఉండేవి.

నాకు అన్నింటికన్నా నచ్చినది దాని మర్యాద. మైసిన్ డాక్టరుగారిని ఒక ప్రశ్న అడిగినప్పుడు ఆయన జవాబివ్వకుండా "ఎందుకు?" అని ఎదురు టైపు చేయవచ్చు. తాను ఏ సూత్రాన్ని పరిశీలిస్తూ ఆ ప్రశ్న అడిగిందో అది చూపించేది. ముగింపు చెప్పిన తరువాత "ఎలా తేల్చావు?" అంటే ఒక్కొక్క మెట్టూ వెనక్కు దిగి చూపించేది. వైద్యులు కారణం తెలియని సలహా తీసుకోరని షార్ట్‌లిఫ్‌కు ముందే తెలుసు. తానూ వైద్యవిద్యార్థే కదా! 1979లో దాన్ని పరీక్షించారు. మెదడు పొరల వాపు కేసులు పది తీసుకుని, మైసిన్ చెప్పిన మందులను, విశ్వవిద్యాలయ వైద్యాచార్యులు చెప్పిన మందులను, ఏది ఎవరిదో తెలియకుండా బయటి నిపుణులు ఎనిమిది మందికి పంపారు. మైసిన్ సలహాలలో నూటికి 65 సరైనవన్నారు. ఆచార్యులవి 42.5 నుండి 62.5 వరకే వచ్చాయి. ఇంత చేసినా మైసిన్ ఆసుపత్రి వార్డులలో నిత్య వాడుకలోకి ఎన్నడూ రాలేదు.

అసలు పాఠం ఆ తరువాత వచ్చింది. విలియం క్లాన్సీ అనే పరిశోధక విద్యార్థికి ఒక ఆలోచన కలిగింది. ఆచార్యులతో సమానంగా చెప్పగల సూత్రాలు చేతిలో ఉన్నాయి గదా, వాటినే పాఠాలుగా మార్చి వైద్యవిద్యార్థులకు ఎందుకు బోధించకూడదు? ఆ పనికి 1979 నాటికి "గైడాన్" అనే ప్రోగ్రామును తయారు చేశాడు. తీరా చూస్తే, రోగానికి మందు చెప్పటానికి సరిపోయిన సూత్రాలు పిల్లలకు చదువు చెప్పటానికి సరిపోలేదు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ ఇవ్వవద్దని ఒక సూత్రం. ఎందుకు ఇవ్వకూడదు? ఆ మందు పెరుగుతున్న పళ్ళలో, ఎముకలలో చేరి పళ్ళకు మచ్చలు పడేట్లు చేస్తుందన్నది అసలు కారణం. అది సూత్రంలో ఎక్కడా లేదు. మద్యపానానికి సంబంధించిన ఇంకొక సూత్రంలో మొదట రోగి వయస్సు 17 దాటిందా అని చూసేది. వైద్యశాస్త్రంలో దానికి కారణమేమీ లేదు. చిన్నపిల్లవాడి గురించి "వీడు తాగుబోతా?" అని అడగటం అసభ్యంగా ఉంటుందని, సూత్రం వ్రాసినవారు ఆ లోకజ్ఞానాన్ని వయస్సు రూపంలో అక్కడ దాచారు. చదివే పిల్లవాడికి మాత్రం వయస్సుకూ ఆ జబ్బుకూ ఏదో సంబంధముందని తోస్తుంది.

పెన్షను ప్రపోజల్సుతో జత చేసే చెక్‌స్లిప్పు మీకు గుర్తుండే ఉంటుంది. కొత్తగా వచ్చిన కుర్రవాడు వారం రోజుల్లో అన్ని గడులకూ టిక్కు పెట్టడం నేర్చుకుంటాడు. అందులో ఒక గడి ఏనాటి ఆడిట్ అభ్యంతరం వల్ల వచ్చి చేరిందో తెలియటానికి పదేళ్ళు పడుతుంది. ఆ పదేళ్ళ జ్ఞానం చెక్‌స్లిప్పులో ఉండదు, పక్క సీటు సుబ్బారావుగారి తలలో ఉంటుంది. ఆయన రిటైరైతే అది కూడా ఆయనతోనే వెళ్ళిపోతుంది. క్లాన్సీ 1983లో వ్రాసిన పెద్ద వ్యాసంలోని సారాన్ని గుమాస్తా భాషలో చెప్పాలంటే ఇంతే. యంత్రం "ఎందుకు?"కు జవాబిచ్చినా, ఆ జవాబు వెనుక ఇంకొక "ఎందుకు?" మిగిలిపోతుంది.

ఇక్కడ మనవాడొకరు వస్తారు. మైసిన్ పుట్టిన ఆ స్టాన్‌ఫర్డ్ బృందానికి పెద్దదిక్కు ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్. కంప్యూటరు శాస్త్రంలో నోబెలుతో సమానమనే ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో ఆయనతో పంచుకున్నది అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి గారు. లోకం ఎరిగిన పేరు రాజ్ రెడ్డి. 1958లో మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు ముగించి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొంది, యంత్రానికి మాట వినటం నేర్పటంలో పేరు గడించారు. ఆయన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ కంప్యూటరు విభాగానికి 1991 నుండి 1999 వరకు డీన్‌గా ఉన్నారు. ఆ సంవత్సరాలలోనే అక్కడ ఒక పరిశోధక విద్యార్థికి ఎదురైన సంగతిని ఇప్పుడు ఈ శాస్త్రం చెప్పేవారు తరచు ఉదాహరిస్తారు.

రిచ్ కరువానా అనే ఆ విద్యార్థి న్యుమోనియా రోగులలో ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో ముందుగా చెప్పే యంత్రం తయారు చేసే పనిలో ఉన్నాడు. అపాయం తక్కువైనవారిని ఇంటికి పంపి, ఎక్కువైనవారిని ఆసుపత్రిలో ఉంచటం ఉద్దేశం. ఇప్పుడు సూత్రాలు ఎవరూ వ్రాయటం లేదు. పాత రోగుల రికార్డులను యంత్రానికి అప్పగిస్తే అదే నేర్చుకుంటుంది. అతని "న్యూరల్ నెట్‌వర్కు" మిగతా పద్ధతులన్నింటికన్నా కచ్చితంగా లెక్క చెప్పింది. కాని లోపల ఏమనుకుని చెబుతోందో కనబడదు. అదే రికార్డుల నుండి కంటికి కనబడే సూత్రాలను తీసే ఇంకొక పద్ధతిలో, పక్కనే వేరొక విద్యార్థి ప్రయత్నించగా ఒక వింత సూత్రం బయటపడింది. ఉబ్బసం ఉన్నవారికి న్యుమోనియా వస్తే ప్రాణాపాయం తక్కువట!

వైద్యులు వెంటనే పట్టుకున్నారు. ఉబ్బసం రోగికి న్యుమోనియా వస్తే ప్రమాదమని తెలుసు గనుక వారిని తిన్నగా ఇంటెన్సివ్ కేర్‌లో చేర్చి కనిపెట్టుకుని ఉండేవారు. అందువల్ల బ్రతికి బయటపడేవారు. యంత్రానికి రికార్డులో బ్రతకటం కనిపించింది గాని, బ్రతికించిన నర్సులు, డాక్టర్లు కనిపించలేదు. అది చెప్పినట్లు నడిస్తే ఉబ్బసం రోగులను ఇంటికి పంపివేయటమే. చూపుకు కనబడిన ఈ తప్పును దిద్దవచ్చు. కాని కనబడకుండా లోపల ఇంకెన్ని ఉన్నాయో? అందుకని కరువానా తాను తయారు చేసిన, అన్నింటిలోకీ కచ్చితమైన యంత్రాన్ని రోగుల మీద వాడవద్దని తానే చెప్పాడు. ఆ తరువాత ఏళ్ళ తరబడి శ్రమించి, కచ్చితత్వం తగ్గకుండా కంటికి కనబడే పద్ధతులను సహచరులతో కలిసి తయారు చేసి, 2015లో ఈ కథతో సహా ప్రకటించాడు. సొంత పరిశోధనను తానే ఆపుకోవటానికి ఎంత గుండె కావాలో డాక్టరేటు చేసేవారికి తెలుస్తుంది. ఆ గుండెను పాఠంగా చెప్పటం ఎట్లా అన్నదే మిగిలిన ప్రశ్న.

అంతకు ముందే ఇంజనీరింగు విద్యార్థులకు నేర్పే ఒక కేసు ఉంది. థెరాక్-25 అనే క్యాన్సరు చికిత్స యంత్రం 1985 నుండి 1987 మధ్య ఆరుగురు రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషను ఇచ్చింది. కొందరు మరణించారు. పాత నమూనాలో అదే లోపం ఉన్నా, దాన్ని అడ్డుకునే తాళాలు పరికరంలోనే ఉండేవి. కొత్తదానిలో ఆ తాళాలు తీసివేసి కంప్యూటరునే నమ్మారు. నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో దీనిపై విచారణ వ్యాసం వ్రాశారు. అది నేటికీ పాఠ్యాంశమే. మా మనవరాలు కూడా చదివింది.

మనబోటి గుమాస్తాల గుండె తరుక్కుపోయే కథ మాత్రం ఇంగ్లండు తపాలాశాఖది. 1999 నుండి అక్కడి పోస్టాఫీసులలో "హొరైజన్" అనే లెక్కల కంప్యూటరును పెట్టారు. సాయంత్రం లెక్క కట్టేసరికి డబ్బు తక్కువ వచ్చినట్లు అది చూపించేది. చిన్న చిన్న పోస్టాఫీసులు నడుపుకునే సబ్‌పోస్ట్‌మాస్టర్లు "నేను తీయలేదు మహాప్రభో" అంటే వినేవారు లేరు. కంప్యూటరు సరిగానే పనిచేస్తోందని కోర్టులు ముందుగానే భావించే చట్టస్థితి అక్కడ ఉండేది. తప్పని నిరూపించవలసిన భారం ముద్దాయిదే. కొందరు చేతి డబ్బు పెట్టి లోటు పూడ్చారు, ఇళ్ళు అమ్ముకున్నారు, జైళ్ళకు వెళ్ళారు. 2015 వరకు 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. 2019లో హైకోర్టు తప్పు కంప్యూటరుదేనని తేల్చింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయవలసి వచ్చింది. ఇది కృత్రిమ మేధ కాదు, మామూలు లెక్కల యంత్రమే. మామూలు యంత్రాన్ని కారణం అడగకపోతేనే ఇంత జరిగితే, తనకు తాను నేర్చుకునే యంత్రం మాట ఏమిటి?

దానికి జవాబు నెదర్లాండ్స్ దేశంలో దొరికింది. పిల్లల సంరక్షణకు ఇచ్చే ప్రభుత్వ భత్యాన్ని అక్రమంగా పొందేవారిని పట్టుకోవటానికి అక్కడి పన్నుల శాఖ 2013 నుండి ఒక నేర్చుకునే యంత్రాన్ని వాడింది. అది ప్రతి దరఖాస్తుకూ అనుమానపు మార్కులు వేసేది. డచ్చి పౌరసత్వం ఉందా లేదా అన్నది కూడా ఆ మార్కులకు ఒక ఆధారం. ఎక్కువ మార్కులు పడిన కాగితం పరిశీలనకు గుమాస్తా బల్ల మీదకు వచ్చేది గాని, ఎందుకు పడ్డాయో ఆ గుమాస్తాకు చెప్పేవారు కారు. వేలాది కుటుంబాలు తీసుకున్న భత్యమంతా తిరిగి కట్టవలసి వచ్చి అప్పుల పాలయ్యాయి. 2020 డిసెంబరులో పార్లమెంటు కమిటీ దాన్ని కనీవినీ ఎరుగని అన్యాయమన్నది. 2021 జనవరి 15న ఆ దేశ మంత్రివర్గమే రాజీనామా ఇచ్చింది. నాకు ఆ గుమాస్తా మీద జాలి కలిగింది. చేతికి ఫైలు వచ్చింది, నోట్ ఫైలు రాలేదు.

ఇటువంటి చోట్ల తప్పును ముందుగా పసిగట్టినవారిలో విద్యార్థులు ఉండటం గమనించదగినది. జాయ్ బుఓలంవీని అనే నల్లజాతి అమ్మాయి ఎం.ఐ.టి.లో చదువుకుంటూ, ముఖాన్ని గుర్తించే ప్రోగ్రాము తన ముఖాన్ని గుర్తించక, తెల్ల ముసుగు తగిలించుకోగానే గుర్తించటం చూసింది. కోపం తెచ్చుకుని ఊరుకోలేదు, లెక్క తీసింది. టిమ్నిట్ గెబ్రూ అనే మరొక పరిశోధకురాలితో కలిసి 2018లో ప్రకటించిన ఆ లెక్క ప్రకారం, పెద్ద సంస్థలు అమ్ముతున్న ప్రోగ్రాములు తెల్లని మగవారి ముఖాలను ఆడా మగా పోల్చటంలో తప్పేది నూటికి ఒకటి కన్నా తక్కువ. నల్లని ఆడవారి విషయంలో మాత్రం ఆ తప్పు నూటికి 34.7 దాకా ఉంది.

అప్పటి నుండి శిక్షణ పద్ధతులు మారసాగాయి. అంతకు ముందు కూడా నీతి పాఠం లేకపోలేదు. చివరి సంవత్సరంలో ఒక పేపరు ఉంటుంది, పిల్లలు గైడు కొనుక్కుని పాసవుతారు. మనం డిపార్టుమెంటు పరీక్షలు పాసైన పద్ధతే! హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో బార్బరా గ్రోజ్ అనే కంప్యూటరు ఆచార్యురాలు, ఆలిసన్ సిమన్స్ అనే తత్త్వశాస్త్ర ఆచార్యురాలు 2017లో వేరే దారి త్రొక్కారు. నీతికి ప్రత్యేక పేపరు పెట్టే బదులు, ఉన్న కంప్యూటరు పాఠాలలోనే, ఆ పాఠానికి తగిన నీతి ప్రశ్నను తత్త్వశాస్త్రం చదివినవారి చేత చెప్పించటం మొదలుపెట్టారు. సమాచారం దాచే పాఠం చెప్పే రోజునే గోప్యత గురించి కూడా చర్చ. నా దృష్టిలో ఇది సరైన పద్ధతి. కూరలో ఉప్పు వంటలో పడాలి గాని, విస్తట్లో ఓ మూల పోసి కలుపుకోమంటే ఏం బాగుంటుంది?

2019 ఏప్రిల్‌లో ఐరోపా సంఘం నియమించిన నిపుణుల బృందం, నమ్మదగిన కృత్రిమ మేధకు ఉండవలసిన లక్షణాలు ఏడని చెప్పింది. అందులో మనిషి పర్యవేక్షణ, వివక్ష లేకపోవటం, జవాబుదారీతనం మనకు సర్వీసు రూల్సులో పరిచయమైనవే. అదే సంవత్సరం బ్రిటన్‌లో కృత్రిమ మేధలో డాక్టరేట్లకు 16 శిక్షణ కేంద్రాలను ప్రకటించారు. వాటన్నింటిలో కలిపి వేయిమందికి శిక్షణ ఇవ్వాలని లక్ష్యం. లండనులో కింగ్స్ కాలేజీ, ఇంపీరియల్ కాలేజీ కలిసి నడిపే కేంద్రం "సురక్షితం, విశ్వసనీయం" అన్న మాటలనే తన పేరులో పెట్టుకుంది. యంత్రం ఏం చేయగలదో, ఏం చేయజాలదో గణితంలో రుజువు చేసి చూపటం అక్కడి ముఖ్య విద్య. బాత్ విశ్వవిద్యాలయ కేంద్రంలో ఇంజనీర్ల పక్కన సామాజిక శాస్త్రాలు చదివినవారిని కూడా కూర్చోబెట్టారు. 2020లో న్యూరిప్స్ అనే పెద్ద పరిశోధక మహాసభవారు, వ్యాసం పంపే ప్రతివారూ తమ పరిశోధన వలన సమాజానికి కలిగే మంచి చెడ్డలను కూడా వ్రాయాలని నియమం పెట్టారు.

మన దగ్గరా జరుగుతున్నది. దేశంలో మొదటిసారిగా కృత్రిమ మేధలో బి.టెక్. పెట్టినది 2019లో ఐ.ఐ.టి. హైదరాబాదువారు. బొమ్మను చూసి అది కుక్క అని యంత్రం చెబితే, బొమ్మలో ఏ భాగాన్ని చూసి అట్లా అన్నదో రంగులలో చూపించే ఒక పద్ధతిని అక్కడి పరిశోధకులు 2018లోనే ప్రకటించారు. మైసిన్‌ను "ఎందుకు?" అని అడిగిన ప్రశ్నకు అది మరో జన్మ. 2023లో ఐ.ఐ.టి. మద్రాసులో బాధ్యతాయుత కృత్రిమ మేధకు ఒక కేంద్రం ఏర్పడింది. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో పదివేల కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో ఆమోదించిన ఇండియా ఏ.ఐ. పథకానికి ఉన్న ఏడు విభాగాలలో ఒకటి సురక్షిత, విశ్వసనీయ కృత్రిమ మేధ.

ఇంత చెప్పిన తరువాత వియ్యంకుడుగారి ప్రశ్నను దాటవేయటం న్యాయం కాదు. తప్పు పట్టేవారికి జీతం ఎవరిస్తారు? పైన చెప్పిన టిమ్నిట్ గెబ్రూ తరువాత గూగుల్ సంస్థలో ఇదే పని చేసే బృందానికి నాయకురాలయింది. మాటలు నేర్చిన పెద్ద యంత్రాల ప్రమాదాల గురించి సహచరులతో వ్రాసిన వ్యాసం విషయంలో పేచీ వచ్చి 2020 డిసెంబరులో బయటకు వచ్చింది. తొలగించారని ఆమె, రాజీనామా ఇచ్చిందని సంస్థ. ఆడిటరుకు జీతం ఆడిట్ జరిగే ఆఫీసు ఇవ్వకూడదని మన పెద్దలు ఎందుకు అనుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు ఇటువంటివారిని పోషించకపోతే, ఎంతమందికి శిక్షణ ఇచ్చినా వారు చివరకు కంపెనీల గుమ్మాల ముందు నిలబడవలసిందే. ఈ విషయంలో మన దేశం చేస్తున్నది చాలదని నా అభిప్రాయం.

అవసరం మాత్రం పెరుగుతున్నదే గాని తగ్గటం లేదు. 2023లో న్యూయార్కులో ఒక కేసులో ఇద్దరు వకీళ్ళు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను ఉదహరిస్తూ కోర్టులో కాగితం దాఖలు చేశారు. ఆ తీర్పులు లోకంలో ఎక్కడా లేవు, యంత్రం కల్పించినవి. జడ్జిగారు 5,000 డాలర్ల జరిమానా వేశారు. లేని జీవో నంబరు వేసి నోట్ పెట్టిన గుమాస్తాను మన రోజుల్లో ఏం చేసేవారో చెప్పనక్కరలేదు. యంత్రానికి మెమో ఇవ్వలేము, ఇంక్రిమెంటు ఆపలేము. అందుకే దాన్ని తయారు చేసేవారి చదువు దగ్గరే జాగ్రత్తపడాలి.

మా మనవరాలు ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉంది. సంక్షేమ పథకాలలో యంత్రం "అర్హత లేదు" అన్నప్పుడు అందుకు కారణాన్ని లబ్ధిదారుకు అర్థమయ్యే తెలుగులో చెప్పించటం ఆమె ఎన్నుకున్న పని. "తాతయ్యా, మీ రోజుల్లో మనుషులు మనుషులకు కాదని చెప్పేటప్పుడు ఏమని వ్రాసేవారు?" అని అడిగింది. నాకు గుర్తున్నవి ఇరవై దాకా వ్రాసి ఇచ్చాను. ఏవి చదవగానే అర్థమయ్యేవో, ఏవి చదివి కూడా జనం మళ్ళీ కౌంటరు దగ్గరకు వచ్చేవారో పక్కన గుర్తు పెట్టాను. ఇరవై చాలవంటున్నది. పెన్షను, రెవెన్యూ, సివిల్ సప్లయిస్, సాంఘిక సంక్షేమ సెక్షన్లలో పనిచేసిన మిత్రులు తమకు జ్ఞాపకమున్న తిరస్కరణ ఉత్తర్వుల మాటలను, మనుషుల పేర్లు, ఫైలు నంబర్లు లేకుండా తెల్లకాగితం మీద వ్రాసి, వచ్చే నెల సమావేశానికి తెచ్చి ఇవ్వగలరు. చేతివ్రాత ఎట్లా ఉన్నా ఫరవాలేదు, చదవటానికి నేనున్నాను.